దూరంవాళ్ళు ముందు

బీజాపూర్‌లో సంత రోజున మా ఆఫీసు కిటికీ కింద ఇప్పపువ్వు బస్తాలు దిగుతాయి. ఎండ ఎక్కేకొద్దీ వాటి తియ్యటి, కాస్త పులిసిన వాసన గదంతా నిండిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే సమ్మయ్య గారు గుర్తొస్తారు. నా మొదటి ఆఫీసులో ఆయన పెద్ద గుమస్తా. అందరూ బడేబాబు అనేవారు గానీ మనిషి ఆ పిలుపుకు తగ్గంత పెద్దగా ఉండేవారు కాదు. కుర్చీలో కూర్చుంటే బల్లకు అవతలివాళ్ళకు కళ్ళద్దాలూ నెరిసిన జుట్టూ మాత్రమే కనిపించేవి.

నేను కిరందుల్ గని క్వార్టర్సులో పెరిగిన పిల్లని. నాన్నది గనిలో ఉద్యోగం. ఇంటికి దగ్గరగా బచేలీలోనో కిరందుల్‌లోనో పని దొరుకుతుందనుకుంటే, ఉసూర్‌లో ఒక చిన్న సర్కారు ఆఫీసుకు వేశారు. నివాస ధ్రువపత్రాలకు దరఖాస్తులు తీసుకోవడం, సరిచూడడం, సాబ్ అని అందరూ పిలిచే మా అధికారి సంతకం అయ్యాక ముద్ర వేసి ఇవ్వడం నా పని. ఈ మాత్రం దానికి డిగ్రీ దాకా చదవాలా అని అమ్మ దగ్గర ఫోన్లో రోజూ సణిగేదాన్ని. చేరిన కొన్నాళ్ళకే బదిలీ కోసం ప్రయత్నాలు కూడా మొదలుపెట్టాను. ఒకరోజు సమ్మయ్య గారు నా బల్ల దగ్గర ఆగారు.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదండీ. పొద్దున్నించీ ముద్రలు గుద్దడమే కదా, ఇందులో ఏముందని."

"గుద్దు. కాకపోతే ఎవలకు గుద్దుతున్నవో ఒకపారి మొఖం చూసి గుద్దు" అని తన కుర్చీలోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన పద్ధతి సంత రోజున చూడాలి. అడవి ఊళ్ళవాళ్ళు ఇప్పపువ్వో చింతపండో అమ్ముకోవడానికి వస్తూ, పనిలో పనిగా ఆఫీసుకూ వచ్చేవారు. వరండా కిటకిటలాడేది. ముందొచ్చినవాళ్ళు ముందు అనే లెక్క అక్కడ చెల్లదు. సమ్మయ్య గారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ "మీ ఇల్లు ఏడ?" అని అడిగేవారు. గోండీ వాళ్ళను గోండీలో, హిందీ వాళ్ళను హిందీలో. ఎవరి ఊరు దూరమైతే వాళ్ళు ముందు. దగ్గరివాళ్ళు ఎంత పొద్దున్నే వచ్చినా చివర. పొద్దుగూకేలోపు అందరూ ఇల్లు చేరాలన్నది ఆయన పంతం. ఒకసారి ఒక కాంట్రాక్టరు తను అందరికంటే ముందొచ్చానని గొడవకు దిగితే, సమ్మయ్య గారు అతను బయట నిలబెట్టిన మోటారు సైకిలును చూపించారు.

"దానికి కాళ్ళు నొయ్యవు గద తమ్మీ. కూసో."

వరండా అంతా నవ్వింది. చివరికి కాంట్రాక్టరు కూడా నవ్వాడు. ఎండాకాలం మొదట్లో ఒక సంత రోజున ఆ పద్ధతే బుధ్రి అనే అమ్మాయి ప్రాణం మీదికి తెచ్చింది. ఇల్లు ఉసూర్‌లోనే అని చెప్పింది కాబట్టి సమ్మయ్య గారు ఆమెను అందరికంటే చివర కూర్చోబెట్టారు. ఆ పిల్ల వెళ్ళి గోడవారగా కూర్చుంది. మధ్యాహ్నం ఎందుకో తలెత్తి చూశాను. అందరూ లోపలికి చూస్తుంటే ఆమె ఒక్కతే రోడ్డు మీద ఆగి ఉన్న బస్సును చూస్తోంది. లేచి వెళ్ళి, "నువ్వు ఈ రోజు ఎక్కడికైనా వెళ్ళాలా?" అని అడిగాను. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆమెకు. సాయంత్రంలోపు బీజాపూర్‌లో ఈ పత్రం చూపించకపోతే నర్సింగు సీటు ఇంకొకరికి పోతుందట. ఆ బస్సు తప్పితే ఆ పూట మరొకటి లేదు.

"మరి చెప్పొచ్చు కదమ్మా."

"పెద్దసారు ఇల్లెక్కడనే అడిగిండు మేడం."

నేను వెళ్ళి సమ్మయ్య గారికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "నువ్వు సాబ్‌తోని సంతకం చేయించు. బస్సు సంగతి నేను చూస్తా" అని సంతలోకి పరుగెత్తారు. అంత వయసు మనిషి పరుగెత్తడం ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు.

నేను సంతకం అయిన పత్రంతో, బుధ్రిని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి బస్సు పైన ఒక కూలీ సంతలో అప్పుడే కొన్న గుమ్మడికాయలు సర్దుతున్నాడు. కింద సమ్మయ్య గారు ఇది ఇటు, అది అటు అని తీరుబడిగా పురమాయిస్తున్నారు. కండక్టరు తల పట్టుకున్నాడు.

"బడేబాబూ, ఇంతకీ మీరు వస్తున్నరా, లేదా?"

"కాయలైతే వస్తయి. నేనే ఆలోచన చేస్తున్న."

బుధ్రి బస్సెక్కింది. వెంటనే ఆయన, "వద్దులే, దించు" అన్నారు. కండక్టరు అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ గుమ్మడికాయలు మా ఆఫీసులో అందరి ఇళ్ళకూ చేరాయి, నేనూ పులుసు పెట్టుకున్నాను.

తిరిగి వచ్చాక ఆయన వరండాలో ఇంకా మిగిలినవాళ్ళ ముందే అన్నారు. "ఇయ్యాల నేను అడిగిన మాటే తప్పు. ఇల్లు ఏడ అన్న గానీ, ఇంకెంత దూరం పోవాలె అని అడగలే. ఇగ నుంచి మనం ఈ బిడ్డ అడిగినట్టే అడగాలె." పెద్దవాళ్ళు తమ తప్పును పదిమంది ముందు అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను అంతవరకు చూడలేదు. నేను కూర్చునే కుర్చీ నాదే అని ఆ రోజు మొదటిసారి అనిపించింది. తరువాత బచేలీకి బదిలీ వస్తే వద్దని రాసిచ్చాను. అమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. సమ్మయ్య గారు రిటైరై ఇప్పుడు తన ఊళ్ళో గుమ్మడి పాదులు పెంచుకుంటున్నారు. నేను బీజాపూర్‌కు వచ్చాను. ఇక్కడి గుమ్మంలోనూ నా మొదటి మాట, ఉసూర్‌లో అందరి నోటా నానిన ఆ 'ఇంకెంత దూరం' ప్రశ్నే.

పోయిన నెల దగ్గు తగ్గక ఆసుపత్రికి వెళ్ళాను. వరసలో నిలబడి ఉండగా ఒక నర్సు ఒక్కొక్కరినే పలకరిస్తూ వస్తోంది. ఉసూర్ వైపు నుంచి వచ్చిన ముసలాయనను ముందుకు పంపింది. నా దగ్గరికి వచ్చేదాకా ఆమె ముఖం నేను సరిగ్గా చూడనేలేదు.

"మీరు ఇంకెంత దూరం పోవాలె మేడం?" అంది బుధ్రి, నవ్వు ఆపుకుంటూ.

"పక్క గల్లీయేనమ్మా."

"అయితే చివర్ల కూసోండ్రి."

దగ్గుకుంటూ వెళ్ళి బల్ల చివర కూర్చున్నాను. ఏ వరసలోనైనా చివరిదాన్నయ్యి అంత సంతోషపడింది నా జీవితంలో అదొక్కసారే.