అత్త వంటింట్లో ఇంగువ డబ్బా

పొద్దున్న ఏడింటికి విజయనగరంలో రాయపూర్ ప్యాసింజరు ఎక్కాను. చేతిసంచిలో రెండు డబ్బాల పెరుగన్నం, అరడజను అరటిపళ్ళు, నా చెంచా. నాలాగా గోధుమ పడనివాళ్ళెవరైనా ఈ దారిన వెళితే నా మాట విని ఇవి పట్టుకెళ్ళండి. ప్లాట్‌ఫారాల మీద పూరీలూ సమోసాలూ తప్ప కడుపు నింపేదేదీ కనబడదు.

నాకు సీలియాక్ జబ్బని మూడేళ్ళ కిందట తేలింది. గోధుమలోని గ్లూటెన్ చిటికెడు లోపలికి వెళ్ళినా రెండు రోజులు మంచం దిగలేను. ఆ సంగతి ఫోన్లో చెప్పిన రోజు నుంచి రాయపూర్‌లో ఉండే మా మేనత్త పార్వతి నాతో సరిగా మాట్లాడటం మానేసింది. కోపం కాదు. ఏడో ఏట నన్ను తన దగ్గర పెట్టుకుని రెండేళ్ళు పెంచింది ఆవిడే. బక్కపిల్లనని రోజూ నెయ్యి రాసిన రొట్టెలు పెట్టేది. నేను చిక్కినకొద్దీ ఇంకొకటి ఎక్కువ వేసేది. కంచంలో వదిలితే ఊరుకునేది కాదు. తిడుతుందని భయపడి, కడుపునొప్పని నేనూ చెప్పలేదు.

"నా చేత్తోనే విషం పెట్టీసేను" అని ఆ రోజు ఫోన్లో ఒకే ఒక్క మాట అంది. అందుకే ఆవిడ చేతి వంట మళ్ళీ తిని రావాలని బయల్దేరాను. రైల్వేలో పనిచేసే మావయ్య వచ్చే ఏడు రిటైరైతే వాళ్ళుంటున్న క్వార్టరూ ఉండదు.

పార్వతీపురం దాటాక ఎదుటి సీటావిడ పూరీల పొట్లం విప్పి నా ముందుకు జరిపింది. ఎందుకు తిననో చెప్పాను.

"బియ్యం పడకపోతే బెంగెట్టుకోవాల గానీ, మనకి గోదుమలేటమ్మా!" అని తేల్చేసి నా చేతిలో రెండు జామకాయలు పెట్టింది. మూడేళ్ళలో ఏ డాక్టరూ నా మనసు ఇంత తేలిక చెయ్యలేదు. టిట్లాగఢ్ చేరేసరికి ఎండకి పెరుగన్నం పులిసింది. అయినా తిన్నాను.

రాయపూర్‌లో దిగేసరికి సాయంత్రం ఏడున్నర. ఆటోలో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ చేరాను. అత్త గుమ్మంలోనే ఏకరువు పెట్టింది. "గోదుమ ఆటా డబ్బా పక్కింటోల్లకిచ్చీసేను. తవా నయా కొన్నాను. చక్కీ మిల్లులో గోదుమలు ఆడతారు కదా, అందుకని బియ్యం ఇంట్లోనే మిక్సీలో పట్టేను." మాటమాటకీ నా మొహం చూస్తోంది.

కంచంలో ఫరాలు వేసింది. బియ్యప్పిండిని వేళ్ళంత చుట్టి ఆవిరి మీద ఉడికించే అక్కడి వంటకం అది. పక్కన అన్నం, చారు. చారు వాసనకి నోరూరింది, ఆ వెంటనే అది దేని వాసనో తెలిసింది. ఇంగువ! పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. గట్టు మీది డబ్బా తిప్పి చూశాను. చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

తినేసి ఊరుకుందామనుకున్నాను. రెండు రోజుల బాధే కదా! కానీ ఏడేళ్ళప్పుడు చేసిందీ అదే.

"అత్తా, ఈ ఇంగువలో గోధుమపిండి ఉంది. చారు నేను తినకూడదు."

అత్త గరిటె కింద పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చారుగిన్నె తీసుకెళ్ళి మావయ్య ముందు పెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"అప్పుడూ ఇలగే చెప్పుంటే బాగున్ను కదే తల్లీ."

"చెబితే తిట్టేదానివి."

"తిట్టీదాన్నే" అని ఒప్పేసుకుంది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఫరా తుంచి నా నోట్లో పెట్టింది. ఎనిమిది తిన్నాను. కడుపు కిక్కురుమనలేదు.

మర్నాడు సాయంత్రం మావయ్య సరదాపడి తెలీబంధా చెరువుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఏ బండి చూసినా మైదా సరుకే. గాలి మాత్రం కడుపునిండా పీల్చుకుని వచ్చాను.

మూడో రోజు పొద్దున్న తిరుగు బండి. అత్త స్టేషన్ దాకా వచ్చి ఒక కొత్త స్టీలు డబ్బా నా ఒళ్ళో పెట్టింది. మహాసముంద్ దాటాక తెరిచాను. బియ్యప్పిండి చీలాలు, అంటే మన అట్లలాంటివే. వాటి మీద మడత పెట్టిన కాగితం, వంకరటింకర అక్షరాలు. "ఇంగువ వెయ్యలేదు. తినలేకపోతే వదిలీ తల్లీ."

రాయపూర్ ఎలా ఉందంటే ఊరు పెద్దగా చూడలేదనే చెప్తాను. బియ్యం తినే ఊరు, మనకి భయం లేదు. ఇంగువ డబ్బా మాత్రం తిప్పి చూడండి. కంచంలో వదలొచ్చన్న మాట అంతకుముందు ఆ ఇంట్లో నేనెన్నడూ వినలేదు. కాగితం పర్సులో దాచుకుని, ఒక్క ముక్క కూడా వదలకుండా తిన్నాను.