కారు అద్దాల వెనక లూడో పరిశోధన

వీడియో గేములు ఆడేవాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో కనిపెట్టి డాక్టరైపోవాలని మా బావమరిది ఆరేళ్ళుగా ఘోర తపస్సు చేస్తున్నాడు. సోమవారంలోగా ఆఖరి అధ్యాయం ఇవ్వకపోతే తపస్సంతా గంగపాలు. పోనీలే పాపమని మా ఊరి మిరపకాయల షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దస్తమానం ఫోనులో లూడో ఆడతారు.

ఘాటుకి మహానుభావుడు తుమ్మిన తుమ్ములకి వినుకొండలో కొండ జానెడు జరిగే ఉంటుంది. గుమ్మం దాటకుండానే పరిగెత్తి కారెక్కి, అద్దాలు బిగించుకున్నాడు. వాళ్ళ ఆట తన తెరమీద కనిపించేలా ఆ ఫోనులో నాచేత ఏదో యాప్ వేయించి, మూడు రోజులు కారులోంచే మానవ సంబంధాలను పరిశీలించాడు.

"ఆడేది ఆ గుమ్మం పక్కన కూర్చున్న ముసలావిడొక్కతే బావా! నాలుగు రంగుల కాయలూ తనే జరుపుకుంటోంది. ఒక్క మెసేజీ లేదు. ఎంత ఒంటరితనం! మొత్తం రాసేశాను" అన్నాడు గర్వంగా.

కారం చేతులతో ఫోను ముట్టుకుంటే తర్వాత చెంపలు మండిపోతాయని, పని మానేసిన మామ్మ ఒకావిడ తొడిమలు తీసే నలుగురి తరఫునా వాళ్ళు చెప్పిన కాయ జరుపుతుంది. ఆ నలుగురి అరుపులూ కొత్తపట్నం సముద్రం దాకా వినిపిస్తాయి గానీ, కారు అద్దాలు దాటలేదు.

సంగతి చెప్పగానే వాడు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"మామ్మగారూ, సోమవారం దాకా మీరొక్కరే ఆడకూడదాండీ?"

"ఒక్కదాన్నే ఆడితే ఎవర్ని తిట్టాలిరా అబ్బాయ్?"

వాడు మళ్ళీ కారెక్కి అద్దాలు బిగించాడు. సోమవారం ఆ అధ్యాయం అక్షరం మారకుండా వెళ్ళింది.