దింపుడు కల్లం దగ్గర స్మార్ట్‌వాచీ

ఈ ఉదయం పామర్రులో మా పెదనాన్న అంత్యక్రియలు. దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించాక, ప్రాణం ఉందేమోనన్న ఆఖరి ఆశతో అన్నయ్య ఆయన చెవిలో "నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. ఇంతలో పెదనాన్న అల్లుడు తన స్మార్ట్‌వాచీ విప్పి ఆయన చేతికి కట్టాడు.

"ఎందుకు బావగారూ?"

"చెక్ చేస్తే పోయేదేముందండీ."

పల్స్ అరవై ఎనిమిది అని చూపించింది. అన్నయ్య ఆసుపత్రికి తీసుకెళ్దామంటూ పాడె మీద పడిపోయి, ఎవరు లాగినా లేవలేదు. ఒళ్ళు మండి ఆ వాచీ తీసి పాడె వెదురుకు కట్టాను. డెబ్బై ఒకటి.

బావగారు వాచీ తుడిచి పెట్టుకుంటూ, "అప్‌డేట్ చెయ్యాలండీ" అన్నారు.

తలకొరివి పెట్టిన అన్నయ్య మాత్రం సాయంత్రం నుంచీ ఒకటే అడుగుతున్నాడు: "నాన్న అప్పటికి నిజంగానే పోయాడంటావా?"

మీరైతే ఏం చెప్తారు?