సొంత తలగడ

ఫిజియోథెరపీ మేడం నిద్రలోనే పోయారని పొద్దున్న అమ్మ చెప్పింది. వినగానే నా చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

రెండేళ్ల కిందట నా తలనొప్పి మెడ వెనక మొదలై, చెవి పక్కగా పాకి, కుడికంటి వెనక కూర్చునేది. ఫోనులో వెతికి, మెదడులో గడ్డ ఉందని నేనే తేల్చేసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. శ్రీకాకుళంలో మేడం గది మెట్లెక్కితే, నన్ను ముట్టుకోనైనా లేదు.

"ముందు డాక్టరుకి సూపించుకో. మెడే అంటే అప్పుడు రా. వచ్చినపుడు నువ్వు తొంగునే తలగడ అట్టుకురా."

డాక్టరు మెడే అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. తలగడ తెమ్మనడం ఆవిడ పద్ధతి; దాని గుంట చూసి మెడ ఎలా వాలుతుందో చెప్పేవారు. కళింగపట్నం బస్సులోంచి ఎవరైనా తలగడ చంకలో పెట్టుకుని దిగితే, ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. నాది నూనె మరకలతో అట్టకట్టి ఉందని, బజార్లో కొత్తది కొని పట్టుకెళ్లాను.

ఆవిడ దాన్ని వాసన చూశారు. "ఓలమ్మ! ఇది నీదేటే? నీ తల దీన్నెప్పుడైనా సూసిందా?"

గదిలో అందరూ నవ్వారు. ఒప్పుకున్నాను: రెండు తలగడలు ఎత్తుగా వేసుకుని, గడ్డం గుండెకి ఆనించి, పోటీ పరీక్షల పాఠాలు గంటల తరబడి ఫోనులో చదువుతానని.

"మరి మెడ ఏటి సేస్తాది? మొయ్యలేక తలకి కబురెట్టింది."

వారాల పాటు ఆవిడ వేళ్లు నా పుర్రె అంచు కింద నొప్పిని వెతికాయి. గడ్డం వెనక్కి లాగడం నేర్పారు. నొప్పి పలచబడింది. అయినా వెళ్లిన ప్రతిసారీ "గడ్డ కాదు కదా మేడం?" అనేదాన్ని. విసుక్కునేవారు కాదు.

"బయమేస్తే బుజాలు సెవులదాకా వస్తాయి. ముందు వాటిని దింపు. తరవాత అడుగు."

ఇవాళ చివరి చూపుకి వెళ్తూ ఆ గది ముందు ఆగాను. షట్టరు దించి ఉంది. మెట్టు మీద, ఏళ్లుగా చేపల గంప మోసిన ఓ పెద్దావిడ, ఒళ్లో తలగడతో.

"మేడం ఎప్పుడొస్తాదే అమ్మీ? తల పగిలిపోతన్నాది."

చెప్పాను. "మరి నానేటైపోతానే?" అంది.

నా కంటి వెనకా నొప్పి మొదలైంది. పక్కనే కూర్చున్నాను. ఆవిడ భుజాలు చెవులకి తగులుతున్నాయి. నావీ అంతే.

"ముందు ఇవి దింపుదాం మామ్మా."

ఇద్దరం దింపాం. ఆవిడ ఒళ్లో, చూసేవాళ్లు లేని తలగడ. మధ్యలో తల ఆనిన గుంట, చుట్టూ నూనె మరక.