ఎక్కని విమానానికి పడ్డ బాకీ

గురువారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. పాలవాడి లెక్క సరిచూశాను. వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరి సీసాకెత్తాను. మిగిలింది ఒక్కటే... చెన్నైకి విమానమా, కారా?

సోమవారం పొద్దున తొమ్మిదికి అక్కడి కాలేజీలో మా అమ్మాయికి ఇంటర్వ్యూ. నోట్‌బుక్కులో రెండు వరసలు గీసి పెట్రోలు, టోలు, దారిలో భోజనాలు అన్నీ రాశాను. కారే చవక. అయినా పెన్ను కదలడం లేదు.

మా చిన్నప్పుడు... మా అమ్మ కూడా ఇలాగే రెండు వరసలు గీసింది. కేలండరు కాగితం వెనక.

అప్పట్లో హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. మాది రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న సినిమాలకు విగ్గులు కట్టేవాడు. ముందుగదిలో బల్ల మీద చెక్క తలలు వరసగా ఉండేవి. వాటికి సన్నని వల తొడిగి, కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా ముడివేసేవాడు. ఆయనది మాత్రం నున్నటి బట్టతల.

"అందరికీ జుట్టు పెడతవ్, నీకొక్కటి కట్టుకోరాదే అన్నా?" అని పక్కింటి యాదగిరి రోజూ ఏడిపించేవాడు.

"అమ్ముకోగా మిగిలితే కట్టుకుంటాలేవయ్యా" అనేవాడు నాన్న.

ఒకరోజు సినిమా కంపెనీ మేనేజరు ఇంటికొచ్చాడు. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి మద్రాసులో షూటింగు, హీరోకి ముసలి వేషం, నెరిసిన విగ్గు అక్కడ ఉండాలి. "ఆలస్యమైతే పనంతా ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఇదిగో, విమానం డబ్బు" అన్నాడు.

నాన్న అంతవరకూ విమానం ఎక్కలేదు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు... పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

అదే వారం నా ఆరో తరగతి ఫీజుకు ఆఖరి గడువు. కట్టకపోతే పేరు కొట్టేస్తామని బడివాళ్లు డైరీలో రాసి పంపారు.

యాదగిరి అంబాసిడర్ కారు కిరాయికి నడిపేవాడు. ఎవరినో తీసుకురావడానికి మర్నాడే ఖాళీ కారుతో మద్రాసు పోతున్నాడు. "సగం పెట్రోలు పెట్టుకుంటే చాలు వదినా. పొద్దుగాలకల్ల అన్నను స్టూడియో గేటు కాడ దించుత. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

అమ్మ కేలండరు కాగితం తీసింది. కారులో వెళితే మిగిలేది సరిగ్గా నా ఫీజు. పైగా విమానంలో అయితే ఒళ్లో ఒక్క పెట్టె. కారు డిక్కీలో అయితే, వచ్చే నెల ఇవ్వాల్సిన మూడు విగ్గులు కూడా ఒకేసారి పంపేయొచ్చు.

"విమానం డబ్బు విమానానికే కదే ఇచ్చాడు" అన్నాడు నాన్న నెమ్మదిగా.

"ఆయనకి తొమ్మిదికి విగ్గు కావాలి. ఎలా వచ్చిందని అడుగుతాడా ఏంటి? ఈసారికి దాని ఫీజు కట్టనివ్వండి. విమానం ఎక్కడికి పోతుంది, ఇంకోసారి ఎక్కుదురుగానీ."

నాన్న నావైపు చూశాడు. నోట్లు అమ్మ చేతిలో పెట్టాడు.

మర్నాడు అమ్మ విగ్గులు నలగకుండా, చెక్క తలలతో సహా ఒక్కోదాన్నీ పాత తెల్లచీర ముక్కలో చుట్టి మెడ దగ్గర ముడివేసింది. నా ఫీజు కట్టేసింది. మధ్యాహ్నం కారు కదిలింది.

ఆ మరుసటి పొద్దున అమ్మా నేనూ ఇంటి ఓనరుగారి వరండాలో కూర్చున్నాం. ఫోను వాళ్లింట్లోనే ఉండేది. చేరగానే చేస్తానన్నాడు నాన్న.

ఏడైంది... ఎనిమిదైంది. అమ్మ కొంగు అంచు వేలికి చుట్టి విప్పుతోంది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. అమ్మ తలెత్తలేదు.

"ఫీజు రసీదు వెనక్కిస్తే డబ్బులు ఇచ్చేస్తారా అమ్మా?" అన్నాను.

"నోర్మూసుకో" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

పదకొండున్నరకు మోగింది ఫోను.

సరిహద్దు చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించారట. తెల్లగుడ్డలో చుట్టిన నాలుగు తలలు! పోలీసులు ఇద్దరూ వెనక్కి గెంతారట. విప్పి చూస్తే చెక్కే. అయినా ఇంత జుట్టు ఎక్కడిదంటూ, పై అధికారి వచ్చేదాకా కదలనివ్వలేదు. ఆయన కూడా నమ్మకపోతే, చివరికి నాన్న హీరో విగ్గు తీసి తన బట్టతలకే పెట్టుకుని చూపించాడట. అప్పుడు నవ్వి వదిలారు.

స్టూడియో చేరేసరికి పదకొండు. "ఫ్లైటు లేటా?" అని మేనేజరు అడిగితే నాన్నకు అబద్ధం నోట రాలేదు. పని పోలేదు కానీ, ఆ విమానం డబ్బంతా కూలీలో కోసుకుంటానన్నాడు మేనేజరు.

అలా ఎక్కని విమానానికి బాకీ పడ్డాం. ఎనిమిది నెలలు... అమ్మ సాయంత్రాలు నాన్న పక్కన కూర్చుని ముడులు వేయడం నేర్చుకుంది. నేనూ సూది పట్టుకోబోతే లాగేసుకునేది. "నీ ఫీజు కట్టింది ఇందుకు కాదు" అనేది. నాన్న ఆమెను ఒక్కమాట అనలేదు. యాదగిరి ఒక్కడే, "నీ నెత్తి జూసినంకనే గదనే నమ్మిండ్రు!" అని నవ్వించేవాడు.

ఆ తర్వాత నాన్నకు విమానం ఎక్కే పని పడలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది.

ఇందాక మా ఆయన నా నోట్‌బుక్కు చూసి, "కార్ల పోదాం తియ్యి, సగం పైసలల్ల అయితది" అన్నారు. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నదల్లా తలెత్తింది.

"కారు వరసలో ఒకటి రాయలేదే నువ్వు."

"ఏంటమ్మా?"

"ఆలస్యం. అప్పుడు నేనూ రాయలేదు."

లేచి వెళ్లి, తన డబ్బాలోంచి రెండిటికీ ఉన్న తేడా మొత్తం తెచ్చి నోట్‌బుక్కు మీద పెట్టింది. వద్దన్నాను.

"నీకు కాదు. మీ నాన్నకి ఒక విమానం బాకీ ఉన్నాను. మనవరాలు ఎక్కితే ఆయనకి ముట్టినట్టే."

"అత్తమ్మా, మరి నాకేం బాకీ లేరా?" అన్నారు మా ఆయన. అమ్మ చిక్కుడుకాయల పళ్లెం ఆయన ముందుకు తోసింది.

ఇప్పుడు టికెట్టు ధర ఫోనులో గంటకోసారి మారుతుంది, వేలి ఒక్క నొక్కుతో తేలిపోతుంది. అప్పుడు ఒక్క కాగితం మీది లెక్క ఇల్లంతా నెలలకొద్దీ మోసేది... మీ కోసం ఎవరో ఎక్కకుండా వదిలేసిన ప్రయాణం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. గుర్తొస్తే కింద రాయండి, కూర పొయ్యి మీద పెట్టి చదువుకుంటాను.

టికెట్లు రెండు, అమ్మాయికీ నాకూ, ఆదివారం సాయంత్రానికి. కారు వరస కొట్టేశాను. దాని కింద అమ్మ చెప్పినట్టే రాశాను...

నాన్న విమానం బాకీ, చెల్లు.