ఐదో బుడ్డి

నా చిన్నప్పుడు అచ్చం నీ గిటారుకి తగిలించే సౌండు పెట్టెలాంటిదే ఒకటి మూడు రోజులు మా వసారాలో ఉంది. దానికి గిటారు లేదులే, మైకు ఉండేది. నిన్న నువ్వు వెనక చెక్క ఊడదీసి, లోపల వెలుగుతున్న గాజు బుడ్లను పెన్సిలుతో తడుతూ ఆ గరగర ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకుతుంటే అటు వెళ్ళేదాన్ని అక్కడే ఆగిపోయాను. ఏమైందమ్మమ్మా అని అడిగావుగా. ఇప్పుడు చెప్తాను, రాసుకో. నీ అక్షరాలు తర్వాత దిద్దుకుందువు గాని, ముందు నన్ను ఆపకు. మీ తాతయ్యకి కూడా చెప్పని సంగతి ఇది.

మా చిన్నత్త పెళ్ళి. మిరపకాయలు మార్కెట్టుకి వెళ్ళిపోయాక, ఎండలు బాగా ముదరకముందు పెట్టుకున్నారు. నాకు తొమ్మిదో ఏడు. మైకు సెట్టు తెచ్చినాయన పక్కూరి సాయిబుగారు. పెద్దవాళ్ళు మైకు సాయిబు అనేవాళ్ళు, మేం పిల్లలం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. అప్పటిదాకా ఆయన ఇంకెవరి సెట్టు దగ్గరో వైర్లు లాగే పని చేసి, ఆ ఏడే సొంతంగా ఒక పాత సెట్టు కొనుక్కున్నాడు. దానికి మాదే మొదటి పెళ్ళి. చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు వస్తారు, మైకు బాగా పలికితే ఆ వేసవి పెళ్ళిళ్ళు తనకే వస్తాయని ఆయన ఆశ. ఆ మాట మా నాయనమ్మతో చెప్తుంటే పక్కనే కూర్చుని విన్నాను. కాబట్టి నాకేమీ తెలియదని అనడానికి లేదు.

ఆ పెట్టెకి వెనక చెక్క లేదు, లోపల ఐదు బుడ్లు కనిపించేవి, పాత రేడియోల్లో ఉండే వాల్వుల్లాంటివి. పెద్దవి రెండు, చిన్నవి మూడు. కరెంటు పెట్టిన కాసేపటికి లోపల తీగ నిప్పుకణంలా ఎర్రబడేది. ముందురోజు సాయంత్రం పాటలు వేస్తే ఊరంతా పాటలు విన్నారు, నేను మాత్రం ఆ వెలుగే చూస్తూ కూర్చున్నాను. పెళ్ళినాడు పొద్దున ఆయన పెట్టె ఆపి ఇడ్లీ తినడానికి వెళ్ళగానే చివరి చిన్న బుడ్డిని ఊపి ఊపి పీకేశాను. నా బొమ్మల పెళ్ళి పందిట్లో దీపం పెడదామని. పెట్టెలోంచి తీసినా వెలుగుతుందనుకున్నాను చూడు, అంత తెలివి!

తిరిగి పెట్టబోతే దాని అడుగున సూదుల్లాంటి కాళ్ళు, అందులో ఒకటి వంగిపోయింది. పంటితో కొరికి సరిచేశాను. అయినా పూర్తిగా దిగలేదు, అటూ ఇటూ ఊగుతోంది. మా ఇంట్లో ఏది వదులైనా ఒకటే మందు, పత్తి. సీసా బిరడా వదులైతే పత్తి, కిటికీ రెక్క కొట్టుకుంటుంటే పత్తి, నాయనమ్మ చెవి కమ్మ జారుతుంటే దాని వెనకా పత్తే. మూలనున్న బస్తాలోంచి చిటికెడు పీకి బుడ్డి మొదట్లో చుట్టూ కూరాను. ఊగడం ఆగిపోయింది. ఘనకార్యం చేశాననుకున్నాను.

పొన్నూరు నుంచి పెళ్ళివారు దిగారు. సన్నాయి మైకులోంచి మొదలైందో లేదో, ఒకటే గరగర. మధ్యలో కీచుమని ఒక కూత. కాసేపు ఆగేది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మొదలు. మగపెళ్ళివారి పెద్దాయన ఒకాయన చెవిలో వేలు పెట్టుకుని, "ఏం బావగారూ, మీ మిరపఘాటు మైక్కి కూడా ఎక్కిందా? ఒకటే దగ్గుతా ఉంది!" అన్నాడు. పందిరంతా నవ్వు. మా తాతయ్య నవ్వలేదు.

హారను, అదే పెద్ద గరాటులాంటి స్పీకరు, డాబా మీద కట్టి ఉంది. చెడిపోయిన బుడ్డిని తడితే ఆ తట్టిన చప్పుడు హారన్లో గణగణ మోగుతుందట. పెళ్ళివారి చెవులు అదరగొట్టకుండా బాబాయ్ సౌండు బాగా తగ్గించి, తను నిచ్చెనెక్కి హారనుకి చెవి ఆనించి వింటానన్నాడు. కింద తట్టడానికి మనిషి కావాలి. ఎదురుగా నేనే ఉన్నాను. నా చేతికి పెన్సిలిచ్చి, "చెయ్యి తగలనీకమ్మా, షాక్ కొడుద్ది. కొయ్యతోనే తట్టు. ఒక్కోటీ తట్టి అంకె గట్టిగా చెప్పు. పైనున్నోడికి నీ మాటే కళ్ళు" అన్నాడు.

ఒకటి అన్నాను. పైనుంచి "ఊఁ" అని వినిపించింది. రెండు, మూడు, నాలుగు. పెన్సిలు ఐదోదాని దాకా వెళ్ళింది. అంచులో పత్తి తెల్లగా కనిపిస్తోంది. తడితే నేను చేసిన పని గంట కొట్టినట్టు బయటపడుతుంది. పెన్సిలు పక్కకి జరిపి పెట్టె చెక్క మీద తట్టి "ఐదు!" అని అరిచాను. ముందు నాలుగింటికంటే గట్టిగా అరిచాను. ఆ అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది.

"బుడ్లు మంచియ్యే అయితే" అనుకుని ఆయన వైర్ల మీద పడ్డాడు. ఎండలో డాబా మీద కూర్చుని అతుకులన్నీ కోసి, మళ్ళీ కలిపి, హారను విప్పి మళ్ళీ కట్టాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. దిగొచ్చి సౌండు పెంచాడు. పంతులుగారు నోరు తెరవగానే మళ్ళీ అదే కూత. ఇక తాతయ్య ఆగలేదు. "చాల్లేవయ్యా, సర్దుకో. చీరాల నుంచి ఇంకో సెట్టు రప్పిస్తా. వియ్యాలవారి ముందు తల ఎత్తుకోకుండా చేశావ్."

"ఒక్క ఐదు నిమిషాలు ఓర్చుకోండి పెద్దయ్యగారూ" అన్నాడు బాబాయ్. నేను తాతయ్య వెనకే లడ్డూ నోట్లో పెట్టుకుని నించున్నాను. మింగలేను, ఉమ్మలేను.

ఈసారి పెన్సిలు ఆయనే తీసుకున్నాడు. నాలుగింటికి ఏమీ లేదు. ఐదోదాన్ని ముట్టుకోగానే హారను గణేల్ మంది. స్విచ్చి ఆపి, తువ్వాలు చుట్టి బుడ్డిని పైకి లాగాడు. దాంతోపాటు పత్తి పింజ వచ్చింది, వేడికి ఒక వైపు గోధుమరంగుకి తిరిగి. దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏంటయ్యా అది?" అన్నాడు తాతయ్య.

బాబాయ్ పిడికిలి మూశాడు. "నాదే పొరపాటండి. బుడ్డి సరిగ్గా కూచోలేదు. చూసుకోలేదు."

"సొంత వస్తువు చూసుకోలేనోడివి ఊళ్ళమీద ఎందుకు బయల్దేరావ్?" అన్నాడు తాతయ్య, నాలుగూళ్ళ వాళ్ళు వింటుండగా. బాబాయ్ తల దించుకుని విన్నాడు. వంగిన కాలు సరిచేసి బుడ్డి పెట్టాడు. ఆ తర్వాత మంగళసూత్రం దాకా మైకు గుక్క తిప్పుకోకుండా పలికింది. ఎవరూ మెచ్చుకోలేదు. బాగా పలికే మైకుని ఎవరు పట్టించుకుంటారు?

సాయంత్రం వైర్లు చుట్టుకుంటూ బాబాయ్ నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. "పీకినందుకేం లేదమ్మా, పిల్లలు పీకుతారు, నేనూ పీకాను. తట్టకుండా ఐదు అన్నావే, అదీ. నీ మాట నమ్మే గదా మంచి వైరు కోసుకుంది" అన్నాడు. ఆ పత్తి నా చేతిలో పెట్టి, "తాతయ్యకి నేను చెప్పను. చెప్పుకుంటే నువ్వే చెప్పుకో" అన్నాడు.

నేను చెప్పుకోలేదు. అక్కడితో అయిపోయినా బాగుండేది. మరుసటేడు మా పెదనాన్న కూతురి పెళ్ళికి మైకు మాటొస్తే, "ఆ సాయిబు వద్దు, అజాగ్రత్త మనిషి" అన్నాడు తాతయ్య. నేను అక్కడే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు, ఈనెలు తీస్తూనే ఉన్నాను. మా చుట్టుపక్కల తాతయ్య మాటకి విలువుండేది, మిగతావాళ్ళూ బాబాయ్‌ని పిలవడం మానేశారు. రెండేళ్ళకి సెట్టు అమ్మేసి కొత్తపట్నం వైపు వెళ్ళిపోయాడని విన్నాం. నావల్లే అని అనలేను. నావల్ల కాదనీ అనలేను.

అప్పట్నుంచీ ఇంట్లో గిన్నె పగిలినా, పాలు పొంగినా ఎవరూ అడగకముందే నేనే అని చెప్పేస్తాను. మీ అమ్మ అది నా మంచితనం అనుకుంటుంది. నిన్న నువ్వు "అమ్మమ్మా, దీన్నెవరన్నా కది..." అనేలోపే, దుమ్ము తుడుస్తూ లోపల గుడ్డ తగిలించింది నేనేనే అన్నాను. నువ్వు నవ్వి, పెన్సిలు నా చేతికిచ్చి, "సరే, నువ్వు తట్టు, నేను ముందు నుంచి వింటా" అన్నావు. వరసగా తట్టుకుంటూ వచ్చాను. చివరిదాన్ని, ఐదోదాన్ని తట్టగానే పెట్టె గణగణమంది. "దొరికింది!" అని నువ్వు గంతులేశావు.

నా పెదాలు కదిలాయని అడిగావు కదూ, ఏదో అన్నావేంటమ్మమ్మా అని. ఐదోది ఇదే బాబాయ్, అప్పుడు తట్టలేదు అన్నాను. వినాల్సిన మనిషి నిచ్చెన మీద లేడు.