పొట్టేలు కంటే ముందు

మటన్ బిర్యానీ వాసన నాకు గిట్టకపోవడం ఆ ఆదివారమే మొదలైంది. కెనడాలోని కిచెనర్‌లో మా తెలుగు సహవాసం ఒక పాత చర్చి బేస్‌మెంట్‌ను అద్దెకు తీసుకుని మధ్యాహ్నాలు కూడుతుంది. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, చివర ప్రేమవిందు. ఎవరికి దేవుడు మేలు చేశాడనిపిస్తే ఆ వారం విందు వాళ్ళది.

ఆ వారం సాక్ష్యానికి లేచింది మా సంఘపెద్ద. ఊళ్ళో ఇండియన్ కిరాణా షాపు ఆయనదే. అందరం అంకుల్ అంటాం. మైకు పట్టుకుని ఏడ్చాడు. ఒక నిర్దోషి మీద నింద వేశాననీ, నిజం తెలిశాక నిద్ర పట్టలేదనీ, మోకాళ్ళ మీద పడి అడిగితే ప్రభువు క్షమించాడనీ చెప్పాడు. అందుకు కృతజ్ఞతగా, ఫామ్‌కి వెళ్ళి స్వయంగా ఎంచి తెచ్చిన పొట్టేలుతో విందు పెడుతున్నానన్నాడు. హాలంతా స్తోత్రం, స్తోత్రం అంది.

ఆ నిర్దోషి నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. మా ఇంట్లో కింద గది అద్దెకు తీసుకున్న ఖమ్మం పిల్ల. చదువయ్యాక ఆయన షాపులోనే సూపర్‌వైజర్‌గా చేరింది. ఒక పొద్దున ఫ్రీజర్ తలుపు తెరిచి ఉండి సరుకంతా పాడైతే, నీ పనేనని పదిమందిలో తిట్టి పంపేశాడు. తలుపు వేయకుండా వదిలేసింది ఆయన బామ్మర్ది అని తర్వాత షాపులో తేలినా, ఆయన బయట ఎవరికీ చెప్పలేదు. ఈలోగా ఆ నింద ఊళ్ళో తెలుగువాళ్ళ షాపులన్నిటికీ పాకి, ఈ పిల్లను ఎవరూ పనిలో పెట్టుకోలేదు. పీఆర్‌కు, అంటే అక్కడ శాశ్వత నివాసానికి, కావలసిన ఉద్యోగానుభవం ఇంకా పూర్తి కాలేదు. వర్క్ పర్మిట్ గడువు ముంచుకొస్తోంది. ఆయన నిజం చెప్పి మళ్ళీ పిలిస్తే నిలబడుతుంది, లేకపోతే పెట్టె సర్దుకోవాలి.

వాక్యం చెప్పే వంతు ఆ వారం నాది. ప్రాచీన హెబ్రీయుల అపరాధ పరిహారార్థ బలి గురించి. ముందురోజు చదువుతుంటే ఎంత బుద్ధిగల ఏర్పాటో అనిపించింది. పొరుగువాడిని మోసగించినవాడు ముందు తప్పు ఒప్పుకోవాలి. తీసుకున్నదాన్ని, దాని మీద ఐదో వంతు కలిపి, నష్టపోయినవాడి చేతికే ఇవ్వాలి. ఆ తర్వాతే యాజకుడి దగ్గరికి పొట్టేలు. వాళ్ళ లెక్కలో అపరాధమంటే గుండెలో గుచ్చుకునే బాధతో తీరిపోయేది కాదు. ఎదుటి మనిషికి చేసిన చెరుపు పూడిస్తేనే పోతుంది.

ఇదంతా ఆయన ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వడ్డన మొదలవుతుండగా బిర్యానీ గిన్నె దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయితో మాట్లాడారా అని అడిగాను.

"దేవుడే క్షమించాక ఇంక మనుషులతో పనేముందమ్మా?" అన్నాడు. "మా బామ్మర్ది పరువు కూడా చూడాలి కదా."

ఛీ! నెయ్యి కారుతున్న ఆ వేళ్ళు చూస్తే డోకొచ్చింది. ఆ వేళ్ళతోనే గిన్నెలో కెలికి, మూలుగ బొక్కలు ఏరి ప్లేట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా ఆ పిల్ల దగ్గరికి నడిచాడు.

"తిను తల్లీ, నీకోసమే మంచి ముక్కలు తీసిపెట్టా."

ఆమె చెయ్యి చాపలేదు.

"ఆ తలుపు నేను తెరిచి పెట్టలేదని వీళ్ళందరికీ చెప్పండి అంకుల్. తర్వాత తింటా."

ఆయన పాస్టర్ గారి వైపు చూశాడు. పాస్టర్ గారు గొంతు సవరించుకుని, అన్నం చల్లారిపోతోంది, ప్రార్థన చేసుకుందామన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ విందు కోసం, అది పెట్టిన ఉదారమైన చేతుల కోసం పాస్టర్ గారు దేవుడికి వందనాలు చెల్లించారు. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ పిల్లా మూసుకోలేదు. ఆమె ముందు ప్లేటు చాపి నిలబడిన అంకుల్ మాత్రం కనురెప్పలు బిగించి పెదాలు కదుపుతున్నాడు.

ఆమెన్ అనగానే కళ్ళు తెరిచి ఆమెను అడిగాడు:

"పెరుగు చట్నీ వేయమంటావా తల్లీ?"